సుల్తాన్ ముక్కు

పొట్టి ముక్కు కుక్కలు లేకపోతే మన ఆడవాళ్ళ ఒంటికి చల్లగాలి తగిలే యోగమే లేదు! నవ్వకండి. ఇది నేను బాగా ఆలోచించి చెబుతున్న మాట. నమ్మకం లేకపోతే అశ్వారావుపేట పద్మావతమ్మ గారిని అడగండి.

పద్మావతమ్మ భర్త పిచ్చయ్య గారికి పామాయిల్ తోటలున్నాయి, ట్రాక్టర్లున్నాయి, మాట మీద నిలబడే గుణముంది. ఏ వేసవికి ఆ వేసవి ఆవిడ “ఇంట్లో ఓ ఏసీ పెట్టిద్దామండీ” అనేది. ఆయన “మనం రైతులమే! చెమట పట్టని ఒళ్ళు కూడా ఒక ఒళ్ళేనా?” అనేవాడు. అనేది ఎక్కడ కూర్చుని? హాల్లో, ఫ్యాను కింద!

అలాంటి మనిషి మనసు మార్చింది ఎవరు? ప్రభుత్వమా? కాదు, పక్కవీధి వెంకటప్పయ్య!

ఆ రోజుల్లో టీవీ ప్రకటనల పుణ్యమా అని ఊరూరా పగ్ కుక్కల పిచ్చి పట్టుకుంది. వెంకటప్పయ్య ఓ పగ్గును కొని తెచ్చి, “దీనిది చప్పిడి మొహమండీ, వేడికి ఊపిరాడదు” అంటూ దాని ముందు కూలర్ పెట్టించాడు. ఊరు ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. పిచ్చయ్యకు అన్నం సహించలేదు.

వారం తిరక్కుండా హైదరాబాద్ వెళ్ళాడు. పగ్గులు అయిపోయాయన్నాడు దుకాణంవాడు. “ఇది తీసుకోండి సార్, యార్క్‌షైర్ టెర్రియర్. దీనిదీ పొట్టి ముక్కే. పైగా ఇంగ్లండు జాతి” అని మొహం నిండా జుట్టున్న ఓ బుల్లి కుక్కను చేతిలో పెట్టాడు. సంచిలో పట్టే ఆ ప్రాణికి పిచ్చయ్య సుల్తాన్ అని పేరు పెట్టాడు. పగ్గుకు కూలరైతే సుల్తాన్‌కు ఏముండాలి? ఏసీ!

ముందు గదిలో ఏసీ బిగించారు. సుల్తాన్ లోపలికి వెళ్ళింది. “పసిది, ఒంటరిగా భయపడుతుందండీ” అంటూ వెనకాలే పద్మావతమ్మ కూడా వెళ్ళింది. వంట కాగానే ఆవిడ ఆ గదిలోకి చేరేది. మెడ మీది చెమటకాయలు మానాయి. మధ్యాహ్నం పూట కునుకు పట్టింది. పెళ్ళయ్యాక అంత సుఖంగా నిద్రపోవడం అదే మొదలు! ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఆవిడ సుల్తాన్‌కే రెండు పూటలా పెరుగన్నం పెట్టింది.

వెంకటప్పయ్య చూస్తూ ఊరుకుంటాడా? ఓ సాయంత్రం తన పగ్గును చంకన పెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“పిచ్చయ్యా, నీ కుక్కది పొట్టి ముక్కు కాదంటున్నారు. నిన్ను మోసం చేసినట్టున్నారు” అన్నాడు.

పిచ్చయ్య పౌరుషం భగ్గుమంది. వెంటనే పశువుల డాక్టర్ హేమలతను పిలిపించాడు. తండా నుంచి చదువుకుని పైకి వచ్చిన అమ్మాయి, ఉన్నదున్నట్టు చెబుతుందని పేరు.

“చూడమ్మా డాక్టరమ్మా! దీని మొహంలో ముక్కెక్కడుందో చూపించు!” అన్నాడు పిచ్చయ్య.

“జుట్టు కింద ఉందండీ. జర కత్తెర ఇస్తరా?”

“కత్తెరెందుకమ్మా, పాపం” అంది పద్మావతమ్మ. చదువరీ, ప్రపంచంలో ఒక కుక్క జుట్టు మీద ఒక గృహిణి నిద్ర అంతలా ఆధారపడిన సందర్భం ఇంకొకటి చూపించగలరా?

కత్తెర ఆడింది. జుట్టు రాలింది. సుల్తాన్ ముక్కు అందరి ముందుకూ వచ్చింది. చిన్నదే, కానీ కోసుగా, చక్కగా, ఎవరూ కాదనలేనట్టు ఉంది. పగ్గు మొహమేమో పక్కనే చపాతీలా ఉంది.

“ఇది టెర్రియర్ అండీ” అంది హేమలత. “చిన్న కుక్క కాబట్టి చిన్న ముక్కు, గంతే. చప్పిడి మొహం కాదు. చప్పిడి మొహపు కుక్కలకు గాలి పీల్చే తోవ ఇరుకుగ ఉంటది. దీనికి గట్ల లేదు.”

“అంటే ఏసీ అక్కర్లేదా?”

“నీడా నీళ్ళూ ఉంటే బతుకుతది. కానీ ఎండ ముక్కు చూసి కొట్టదు కదండీ, చల్లగ ఉంటే ఎవరికైనా మంచిదే.”

పిచ్చయ్య మొదటి సగమే విన్నాడు. వెంకటప్పయ్య దగ్గు వచ్చినట్టు నటిస్తూ నవ్వుకున్నాడు. ఆ నవ్వు వీధి మలుపు తిరగకముందే ఏసీ ఆగింది, రిమోట్ బీరువాలోకి వెళ్ళింది.

హేమలత గేటు దాటుతుంటే పద్మావతమ్మ వెనకాలే వెళ్ళింది.

“అమ్మా, నా ముక్కు కూడా ఓసారి చూస్తావా?”

“నేను పశువుల డాక్టర్‌నండీ.”

“అందుకే అడుగుతున్నానమ్మా. ఈ ఇంట్లో పశువుల డాక్టర్ మాటే చెల్లుతుంది.”

హేమలత నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తూ పద్మావతమ్మకు కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుండిపోయింది. హాల్లోంచి కేక వినబడింది: “ఏందే, అన్నం అయిందా?”

ఆవిడ లేచింది. గ్యాస్ కట్టేసింది. నాలుగు చీరలు సర్దుకుంది, సుల్తాన్‌ను సంచిలో కూర్చోబెట్టుకుంది. “చెల్లెలింటికి పోతున్నా” అని చెప్పి పెనుబల్లి వైపు వెళ్ళే బస్సెక్కింది. అక్కడ చెల్లెలు హైమ మంచినీళ్ళిచ్చి, కూలర్ ఆవిడ వైపు తిప్పింది. ఆ చిన్న పనికే పద్మావతమ్మకు ఏడుపొచ్చింది.

ఇక్కడ పిచ్చయ్య మొదట్లో హోటల్ భోజనం తిన్నాడు. కడుపు పాడయ్యాక స్వయంపాకం మొదలుపెట్టాడు. రైతు బిడ్డ, వండుకోలేడా?

పద్మావతమ్మ కోపం చల్లారలేదు గానీ, తీసుకెళ్ళిన బీపీ మాత్రలు అయిపోయాయి. మిగతావి తెచ్చుకుందామని ఓ మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చింది. హాలు ఖాళీ. వంటింట్లో అడుగంటిన గిన్నె ఒకటి నల్లగా నానుతోంది. ముందు గది తలుపు మూసి ఉంది. లోపల ఏసీ హాయిగా పాడుతోంది. తలుపు తోసింది. మెడదాకా దుప్పటి కప్పుకుని పిచ్చయ్య!

“ఎవరికేశారండీ ఏసీ?”

“సుల్తాన్‌కే” అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. “పాపం, పొట్టి ముక్కు కదా.”

ఆవిడ చేతి సంచిలోంచి సుల్తాన్ మొరిగింది.

పిచ్చయ్య లేచి కూర్చున్నాడు. కుక్కను చూశాడు, భార్యను చూశాడు, దుప్పటి చూసుకున్నాడు.

“అది కాదే పద్మా… ఆ వంటింట్లో మనిషన్నవాడు నిలబడగలడా?”

“మరి ఇన్నాళ్ళూ నిలబడింది ఎవరనుకున్నారు?”

ఆవిడ అరవలేదు. మామూలుగానే అడిగింది. ఆయన తల వంచుకుని మంచం దిగాడు. పద్మావతమ్మ మంచమెక్కింది. సుల్తాన్ కూడా ఎక్కింది.

“మరి… అన్నం?” అన్నాడు గుమ్మంలో నిలబడి.

“నాకు కాస్త చారు చాలు. దీనికి పెరుగన్నం.”

పిచ్చయ్య వెళ్ళాడు. గిన్నెల చప్పుడైంది. కాసేపటికి వంటింట్లోంచి ఆయన గొంతు ఏడుపుగా వినిపించింది.

“పద్మా! ఫ్యానేస్తే పొయ్యి ఆరిపోతోందే!”

“తెలుసండీ!” అంది పద్మావతమ్మ, దుప్పటి మీదికి లాక్కుంటూ.