సరైన టీకి ఒక సవరణ

పది సెకన్ల మీద మా అత్తగారికీ మామగారికీ మూడు రోజులుగా మాటల్లేవు.

ఆకు వేడినీళ్ళలో ముప్ఫై సెకన్లు ఉంటే చాలని అత్తగారు ఫుసాయే అంటారు. నలభై ఉండాలని మామగారు గెన్‌సాకు అంటారు. మా మకినొహరా ఊరి టీ ఆకుకు మిగతా చోట్ల కంటే రెండు మూడింతల సేపు ఆవిరి పట్టిస్తారు. అది మెత్తబడి, నలిగి, సగానికి సగం పొడి అవుతుంది. నీళ్ళు తగలగానే రంగూ రుచీ దిగిపోతాయి. ఆలస్యం చేస్తే చేదు. నలభై ఆరేళ్ళుగా రోజుకు ఎనిమిదిసార్లు టీ పెడుతున్న అత్తగారికి ఈ సంగతి తెలుసు. మామగారు టీ కూజా పట్టుకున్నది ఒకే ఒక్కసారి, పాత ఇంటి నుంచి సామాను మార్చినప్పుడు. అందుచేత ఊరి 'సరైన టీ విధాన ప్రచార సంఘా'నికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు.

సంఘంలో పదకొండుమంది నిపుణులు, అందరూ మగవారే. ఒకరు ఇరవై సెకన్లు అన్నారు, ఒకరు అరవై అన్నారు. ఎవరి మనసూ నొప్పించకుండా నలభై ఖాయం చేశారు. ఇంత తీవ్రమైన చర్చలో టీ పెట్టే తీరిక ఎవరికీ లేకపోవడంతో అందరికీ కొట్లో కొన్న సీసా టీ పంచారు. టీ బాగుందని కూడా తీర్మానించారు.

ఈ విధానం చిన్న పుస్తకంగా అచ్చయి ప్రతి వంటింటికీ, ఊరి బడికీ చేరబోతోంది. అత్తగారు నాలుగో రోజున తనే మౌనం విరమించారు.

"ఏమండీ, ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఆ పుస్తకంలో ముప్ఫై అని వేయించండి. నా పేరు వద్దు. పిల్లలు తప్పు నేర్చుకోకూడదు, అంతే."

"సంఘం తీర్మానాన్ని వంటింటి గొడవ కోసం మార్చమంటావా?"

"మరి మీ సంఘం టీ ఎక్కడ పెడుతుందట, పడకగదిలోనా?"

సంఘ సభ్యుడైన మావారు నొరిహిరో తను కూర్చున్న దిండు సర్దుకుంటున్నారు. "నువ్వైనా చెప్పకూడదుట్రా?" అని తల్లి అడిగితే, "నేను చెయ్యెత్తింది సభ్యుడిగానమ్మా, కొడుకుగా కాదు" అన్నారు. ఇంత సూక్ష్మమైన తేడా గ్రహించగల మనిషిని కట్టుకున్నందుకు నాకు గర్వంగా ఉంటుంది.

మే నెలలో కొత్త ఆకు పండుగ వచ్చింది. వేదిక మీద, వ్యవసాయ శాఖ అధికారిగారి సమక్షంలో, మామగారు స్వహస్తాలతో టీ పెట్టారు. నీళ్ళు పోసి, మూతపెట్టి, "మహాజనులారా! ఈ నలభై సెకన్లు కేవలం కాలం కాదు, మన పూర్వీకుల ఊపిరి!" అని మొదలుపెట్టారు. పూర్వీకులు చాలామంది. ఉపన్యాసం నాలుగు నిమిషాలు సాగింది. తర్వాత వంచబోతే పొడి కూజా లోపలి జాలీకి అడ్డుపడి చుక్క రాలేదు. ఆయన కూజాను మందు సీసాలా కుదిపారు. కూజా కుదపకూడదన్నది పుస్తకంలో మూడో నియమం. చివరికి చెరువు పాచి లాంటిది ఏదో కప్పులోకి దిగింది. నా పక్కన అత్తగారు కళ్ళు మూసుకున్నారు.

అధికారిగారు తాగారు. కాసేపు ఆయన ముఖంలో ఏమీ కదలలేదు. తర్వాత, "ఎంత గాఢత!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి.

ప్రభుత్వం మెచ్చిన టీని పక్కన పెట్టడం సభ్యత కాదు. మర్నాడే సంఘం అత్యవసరంగా సమావేశమై, నలభై సెకన్లను నాలుగు నిమిషాలుగా సవరించింది. ఏకగ్రీవం. సంఘంలో ఎవరికీ టైపు రాదు కనుక సవరించిన ప్రతి నేనే కొట్టి ఇచ్చాను. అక్షరదోషం ఒక్కటీ లేదని మామగారు నన్ను మెచ్చుకున్నారు.

అచ్చయిన పుస్తకాలు వచ్చిన రోజు రాత్రి భోజనంలో కాల్చిన చేప, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో పులుసు, ఊరవేసిన ముల్లంగి. అత్తగారు పుస్తకం ఆ పుటకు తెరిచి, చదివి, మూసి, చేప పళ్ళెం పక్కన పెట్టారు.

"రేపటి నుంచి ఈ ఇంట్లో టీ పుస్తకం ప్రకారమే. మీకు నాలుగు నిమిషాలు."

"ఇంట్లో కూడానా?" అన్నారు మామగారు.

"ప్రతి ఇంట్లోనూ అని మీరే రాశారు కదండీ."

మావారు నవ్వు ముఖం పెట్టారు. "అమ్మా, నాకు మాత్రం నీ కూజాలోంచి..."

"చెయ్యెత్తిన సభ్యుడికి నాలుగు. కొడుకు వస్తే చూద్దాంలే."

నేను తల వంచుకుని లోలోపల నవ్వుకుంటున్నాను. అత్తగారు నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, నాలుగు నిమిషాలని కొడుతున్నప్పుడు అది తప్పని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు అత్తయ్యా."

"వీళ్ళు తెలీక చేశారు. నీకు ఐదు."