ఎండిన ఊరికి ఒక యుద్ధనౌక

నల్లా రాని ప్రతి ఊరికీ ఒక యుద్ధనౌకను మంజూరు చేయాలి. ఇది పరాచికం కాదు. నమ్మకం కుదరకపోతే జహీరాబాద్ వెళ్లి ఇడ్లీ బండి దేవమ్మను అడగండి. చేతిలో పని ఆపకుండానే చెబుతుంది.

సముద్రం లేని ఊరికి ఓడ ఎందుకని మొదట్లో కొందరు గొణిగారు. ఎంత అన్యాయమైన ప్రశ్న! బతుకంతా ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఓడకు ముసలితనంలో పొడిగాలి తగలొద్దా? నౌకా స్మారక కమిటీ అధ్యక్షుడు విష్ణువర్ధన్ మైకు పట్టుకుని ఇదే వివరించాడు. ఓడ గౌరవమే ఊరి గౌరవమని కూడా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అలా రిటైరైన గస్తీ నౌకనొకదాన్ని ముక్కలుగా కోసి, ముంబై హైవే మీద ట్రెయిలర్లలో తెచ్చారు. చిరాగ్‌పల్లి దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే, బస్సుల్లోని జనం దిగి ఓడ ముక్కుతో సెల్ఫీలు తీసుకున్నారు. వెల్డర్ మక్సూద్ ముక్కలన్నీ మళ్లీ అతికాడు. ఫిరంగికి సిల్వర్ పెయింట్ పడింది. మ్యూజియం తయారు.

అది వెలసింది దేవమ్మ ఇంటి ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో. ఆమె పెరటి బావి ఎండిపోయింది. నల్లా తిప్పితే గాలి వస్తోంది. పప్పు నానబెట్టడానికి నీళ్లు లేక బండి తరచూ మూతపడుతోంది. ట్యాంకర్ పంపించమని విష్ణువర్ధన్‌నే అడిగింది.

"ఎండకాలం గదా దేవమ్మా, నీళ్లు యాడికెల్లి తెస్తం?" అన్నాడాయన. న్యాయమే మరి.

ఇంతలో ప్రారంభోత్సవానికి నేవీ అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఓడ పొడినేల మీద కనిపిస్తే ఊరి పరువేం కావాలి? వెంటనే ఓడ చుట్టూ పెద్ద గుంత తవ్వించారు. పొద్దున ట్యాంకర్, మధ్యాహ్నం ట్యాంకర్, సాయంత్రం ఇంకో ట్యాంకర్. ఎండాకాలం నీళ్లు ఎక్కడ దొరుకుతాయన్న చిక్కు అంత సులువుగా విడిపోయింది. దేశభక్తికి సాధ్యం కానిది ఏముంది?

దేవమ్మ ఊరుకోలేదు. బిందె పట్టుకుని గుంత దగ్గరికి వెళ్తే మక్సూద్ అడ్డం నిలబడ్డాడు. వెల్డింగ్ అయిపోయాక కాపలా కూడా అతనికే అప్పగించారు.

"ముట్టనియ్యొద్దన్నరు పెద్దమ్మా. నా నౌకరి పోతది."

"ఓడ తాగుతదా ఏంది ఈ నీళ్లు?"

"ఓడ తాగదు, భూమి తాగుతది. కిందంత ఎర్రమట్టి గదా. ఎన్ని పోసినా తెల్లారేసరికి గుంజుకుంటది."

దేవమ్మ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం పెరట్లో కప్ప అరిచింది. ఎక్కడా అని వెతికితే బావిలో! గబగబా బొక్కెన దించింది. చేంతాడు బరువెక్కింది. నీళ్లు పైకి వచ్చాక వాటిలో చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. గుంత తాగినదంతా అడుగు నుంచి తన బావికి చేరుతోందని అప్పుడు అర్థమైంది.

మర్నాడు బండి మీద ఆవిరి లేచింది. వీధి ఆడవాళ్లంతా బిందెలతో పెరట్లోకి వచ్చారు. దేవమ్మ ఎవరినీ కాదనలేదు.

కానీ గుంత నిండడం లేదని కమిటీకి బెంగ పట్టుకుంది. అడుగున సిమెంటు పోయిద్దామని ఇసుక దింపారు. అడుగు మూసేస్తే బావి మళ్లీ ఎండుతుందని దేవమ్మకు తెలుసు. ఆడవాళ్లను వెంటబెట్టుకుని విష్ణువర్ధన్ దగ్గరికి వెళ్లింది. బావి మాట మాత్రం ఎత్తలేదు.

"సారూ, సముద్రం అడుగున సిమెంటు ఉంటదా?"

"ఉండదు."

"మరి రేపు నేవీ సారు చూస్తే ఏమంటడు? గింత పెద్ద ఓడను తెచ్చి స్నానాల తొట్టిల నిలబెట్టిన్రంటే ఊరి ఇజ్జత్ ఉంటదా? జర ఆలోచన చెయ్యున్రి."

విష్ణువర్ధన్ ఓడ వంక చూశాడు. మైకులో తానన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. "నిజమే. మట్టే ఉండాలె," అని మేస్త్రీని వెనక్కి పంపి, నాలుగో ట్యాంకర్ పురమాయించాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. "ఇక్కడ నీళ్లకు ఇబ్బంది లేదా?" అని అధికారి అడిగాడు. లేదన్నాడు విష్ణువర్ధన్. ఆ ఒక్క వీధి వరకు అది అబద్ధమని ఎవరూ అనలేరు.

మరుసటి వారం పక్క వీధి జనం కమిటీ ఆఫీసుకు వచ్చారు. నల్లా గురించి ఎవరూ మాట్లాడలేదు. నారమ్మ ముందుకొచ్చి, తమ వీధికి సబ్‌మెరైన్ ఇప్పించమని అడిగింది.

"సబ్‌మెరైనే ఎందుకమ్మా?" అన్నాడు విష్ణువర్ధన్.

"అది మొత్తం మునగాలె గద సారూ."