ఆటవెలదికి రెండు బిందెలు

ఆ ఊళ్ళో కుళాయిలు పద్యం వింటే తప్ప నీళ్ళు వదలడం మానేశాయి. జనం మొదట కాస్త కంగారుపడ్డారు గానీ, మునిసిపాలిటీ వాళ్ళు బోర్డు కట్టించాక కుదుటపడ్డారు. ఆటవెలదికి రెండు బిందెలు, సీసపద్యానికి డ్రమ్ము. వచన కవితకు తుప్పునీళ్ళు వచ్చేవి. అవి తాగి కొందరు విమర్శకులయ్యారు.

మూడో వార్డు మస్తానమ్మకు పద్యాలు రావు. ఇంట్లో కూతురు బాలింత. తెల్లారితే తల్లికీ బిడ్డకీ పురిటి స్నానం చేయించాలి, తొట్టి చూస్తే అడుగంటింది. ఆమె కుళాయి ముందు కూర్చుని ఉన్న కష్టమంతా చెప్పుకుంది. కుళాయి గాలి వదిలింది. పాపం, ఆమెకు ఏడుపొచ్చింది.

ఆఫీసుకెళ్తే ఛందస్సు ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు ఓపిగ్గా విన్నాడు.

"వచనంలో అడిగితే ఎలాగమ్మా? పాదం మొదట్లో పలికిన అక్షరం మధ్యలో మళ్ళీ పలకాలి. దాన్నే యతి అంటారు."

మస్తానమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని, ఆయన దిద్దుతుంటే, ఎండిన కుళాయి మీద ఆటవెలది కట్టింది. విని గుమాస్తాలు కళ్ళు తుడుచుకున్నారు. కమిషనరు వచ్చి శాలువా కప్పాడు. ఇంటికెళ్ళి పాడితే మాత్రం చుక్క రాలేదు. ఆమె శాలువాతోనే ఆఫీసుకు తిరిగొచ్చింది.

"రాదు మరి," అన్నాడు ధనుంజయరావు. "ఉన్నదున్నట్టు చెప్పారు, అది స్వభావోక్తి. నీళ్ళొస్తే మీ పద్యం తప్పయిపోదూ? అంత మంచి పద్యాన్ని కుళాయి పాడుచేస్తుందా? అతిశయోక్తి వాడండి."

"అంటే అబద్ధమాడమంటారా బాబూ?"

"అబద్ధం కాదమ్మా. అలంకారం."

రెండింటికీ తేడా ఏమిటో ఆమెకు దారంతా తెలియలేదు. ఇంటికొచ్చి, కళ్ళు మూసుకుని, "గంగ పొంగి పొరలె గడపగడపలోన" అని ఎత్తుకుంది. నాలుగు పాదాలూ పూర్తయ్యేసరికి రెండు బిందెలూ నిండాయి.

పురిటి స్నానం బాగానే జరిగింది. మూడో వార్డులో గంగ పొంగుతోందని ఆఫీసులో నమోదైంది. అక్కడికి రావాల్సిన కొత్త పైపులైను ఇంకో వార్డుకు పోయింది. ఇప్పుడు వీధి వీధంతా పొద్దున్నే లేచి, మాకు ఏ కొరతా లేదని రాగయుక్తంగా పాడుతుంది. ఎవరి బిందెలు వాళ్ళకు నిండుతాయి.

నిన్న పాట మధ్యలో పసిబిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. ధార సన్నబడింది. మస్తానమ్మ గబగబా వెళ్ళి బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. కుళాయి వింటది."