మన ఈడువాళ్ళం

యువతరం టీవీ చూడటం మానేసిందన్న దుర్వార్త చానల్ పెద్దలను తీవ్రంగా కలచివేసింది. వారు వెంటనే సమావేశమై, మోకాళ్ళు సహకరించిన మేరకు లేచి నిలబడి, కుర్రకారు కోసం ఆటాపాటా లోకజ్ఞానం కలగలిపిన 'మన ఈడువాళ్ళం' అనే వారపు కార్యక్రమాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

వ్యాఖ్యాతగా 'తమ్ముడు' ఎంపికయ్యాడు. తమ్ముడికి నలభై ఎనిమిదేళ్ళు. చానల్లో అంతకన్నా పసివాడు దొరకలేదు. జుట్టుకు నల్లరంగు, ప్యాంటుకు చిరుగులు చానల్ ఖర్చుతోనే సమకూరాయి. డిగ్రీ చదివే కూతురుందన్న సంగతి మాత్రం బయటికి పొక్కకూడదని ఒప్పందం.

కార్యక్రమం దిగ్విజయంగా సాగింది. ధరల పెరుగుదల మీద బృందనృత్యం చేశారు. నిరుద్యోగాన్ని మిమిక్రీతో కడుపుబ్బ నవ్వించి పంపేశారు. స్టూడియోలో కూర్చోబెట్టిన పిల్లలకు చప్పట్లు కొట్టే సంపూర్ణ స్వేచ్ఛ ఇచ్చారు. ప్రశ్నలు ఆలోచించే శ్రమ వాళ్ళకెందుకని డైరెక్టరుగారే రాసిచ్చేవారు. "యువతే దేశానికి వెన్నెముక!" అని తమ్ముడు వారం వారం గర్జించి, లోపలికెళ్ళి నడుముకు బెల్టు కట్టుకునేవాడు.

ఒకనాటి ప్రత్యక్ష ప్రసారంలో తమ్ముడికి ముందు వరసలో కూతురు కనిపించింది. "మీకిష్టమైన రంగేది?" అని అడగవలసిన ఆ పిల్ల, మైకు అందుకుని లేచింది.

"ఊళ్ళో ఉన్న ఒక్క లైబ్రరీనీ సోమవారం నుంచి మూసేస్తున్నారు. ఉద్యోగాల పరీక్షలకి మేమంతా అక్కడే చదువుకుంటున్నాం. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడరేంటి నాన్నా?"

డైరెక్టరు సైగ చేయగా డాన్సర్లు దూకి పరిస్థితిని అదుపులోకి తెచ్చారు.

మర్నాడు ప్రేక్షకలోకం అట్టుడికిపోయింది. తమ్ముడికి అంత కూతురా అని కొందరు కుమిలిపోయారు. ఆ జుట్టురంగు ఏ కంపెనీదని తక్కినవాళ్ళు ఆరా తీశారు. చానల్ విచారణ జరిపి, యువత కార్యక్రమంలోకి యువతను రానివ్వడమే అనర్థానికి మూలమని తేల్చింది. ఇకపై ముప్పై అయిదు దాటినవారికే ప్రవేశం.

ఇంట్లో తమ్ముడు ఇంతెత్తున లేచాడు. "నా పరువు బజారుకీడ్చాలా? ఇంట్లో అడగొచ్చుగా!"

"అడిగాను నాన్నా. టీవీ చూడు, అన్నీ చెప్తాం అన్నావు."

జవాబు రాసివ్వడానికి డైరెక్టరుగారు ఇంట్లో లేరు. కూతురి ముఖం చూడలేక, అద్దం ముందుకెళ్ళి ఊరికే తల దువ్వుకున్నాడు.

సోమవారం లైబ్రరీకి తాళం పడింది. పిల్లలు మెట్ల మీదే కూర్చుని పుస్తకాలు తెరిచారు. "చదువూ సంధ్యా లేకుండా రోడ్డెక్కారు చూడండి!" అని దారినపోయే పెద్దమనుషులు నిట్టూర్చారు. స్టూడియోకు వెళుతున్న తమ్ముడు కూతుర్ని చూసి కారు ఆపబోయాడు. వెనకాల ఎవరో "తమ్ముడూ!" అని కేకేయడంతో, చిరునవ్వుతో చెయ్యూపి ముందుకు పోనిచ్చాడు.

ఆ వారం అంశం: 'నేటి యువత ఎందుకు నోరు విప్పడం లేదు?' చర్చ ఎంతో లోతుగా సాగింది. యువతలో ఎవరూ అడ్డు తగల్లేదు.