పన్నులాయన ప్రసంగం

ఆ ఉదయం పన్నుల శాఖ హెడ్ గుమస్తా అనుకున్న కార్యక్రమం చాలా సులువైనది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టౌన్‌హాలు మేడ మీద కౌన్సిల్ పెట్టిన సభకు వెళ్లి, కళలకు ప్రభుత్వం డబ్బివ్వకూడదని గట్టిగా మాట్లాడి, భోజనం వేళకు ఇల్లు చేరడం. ఆ ప్రసంగం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. రోజూ కంచాల ముందు అదే వడ్డన.

ఎక్కువగా వడ్డించేది బావమరిదికి. అతను నాటకాలు వేస్తాడు, అక్కగారింట్లో తింటాడు. ఆ రోజే టౌన్‌హాలు కింది గదిలో కళాకారుల భృతికి ఎంపిక జరుగుతోంది. అతను కంగారులో పెందలాడే వెళ్లిపోయి, వేషం సంచి ఇంట్లోనే మరిచిపోయాడు.

"ఏమండీ, ఎలాగూ అటే వెళ్తున్నారుగా, వాడి సంచి కాస్త ఇచ్చెయ్యండి" అంది భార్య.

"కళకి నా చేత్తో సాయం చెయ్యమంటావా?"

"కళకి కాదు, మా తమ్ముడికి."

ఆయన సంచి స్కూటరుకు తగిలించుకుని బయలుదేరాడు.

మలుపులో నీళ్ల ట్యాంకరు ఒకటి గుంటలో పడి లేచింది. ఆ తరువాత ఆయన చొక్కా అసలు రంగేదో చెప్పడం కష్టమైంది. వెనక్కి వెళ్లే వ్యవధి లేదు. సంచి విప్పితే ఇత్తడి గుండీలతో, భుజాల మీద బంగారు కుచ్చులతో సేనాధిపతి కోటు కనిపించింది. గుండీలన్నీ పెట్టుకుంటే బురద కనిపించదు కదా అనుకున్నాడు. మిగతాదంతా కనిపిస్తుందన్న సంగతి తట్టలేదు.

టౌన్‌హాలు గుమ్మంలో బంట్రోతు ఆయన్ని ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండానే కింది గదిలోకి పంపాడు. బల్ల వెనుక ముగ్గురు కూర్చుని ఉన్నారు. సభను కిందికి మార్చారు కాబోలు, వీళ్లే కౌన్సిల్ సభ్యులనుకుని ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఈ నాటకాలరాయుళ్లని మేపడానికా మేం పన్నులు కట్టేది? మా ఇంట్లోనే ఒకడున్నాడు. అద్దం ముందు నిలబడి ఏడుస్తాడు. ఎందుకురా అంటే, ప్రాక్టీసు బావా అంటాడు. వాడి ఏడుపుకి ప్రభుత్వం డబ్బివ్వాలా?"

చెయ్యి ఊపినప్పుడల్లా కుచ్చులు ఊగాయి. ముగ్గురిలో ఒకావిడ నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది.

"ఇందులో నవ్వడానికేముందమ్మా? నేను నిజంగానే పన్నుల శాఖలో హెడ్ గుమస్తాని."

"పాత్రని వదలడం లేదు, చూశారా" అన్నాడు మధ్యలోని కళ్లజోడాయన. "ఆ కోటుకీ ఈ మాటలకీ పొంతన లేకపోవడంలోనే ఉంది వ్యంగ్యమంతా."

కాదు మొర్రో అంటున్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఈ ఏటి భృతి ఆయనకేనని ప్రకటించేశారు. బుద్ధి తెలిశాక ఆయన కోసం ఎవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. అక్కర్లేదని చెప్పడానికి నోరు తెరిచి, "థాంక్సండీ" అన్నాడు.

ఈలోగా సంచి బావ తెస్తున్నాడని అక్క ఫోన్లో చెబితే, కోటు కోసం ఆయన్ని వెతుక్కుంటూ బావమరిది మేడెక్కాడు. అక్కడ మైకులో బావ పేరు మళ్లీ మళ్లీ పిలుస్తున్నారు. పలక్కపోతే ఆయన పరువు పోతుందని అతనే చెయ్యెత్తాడు. ప్రసంగం ఎలాగూ నోటికి వచ్చు. కానీ నటుడు కదా, పాత్రలోకి దిగాక సగంలో ఆగడం చేతకాలేదు. బావలాగే వేలు ఆడిస్తూ, కళలకిచ్చే ప్రతి పైసా దండగని కన్నీళ్లతో నిరూపించాడు. కౌన్సిల్ అక్కడికక్కడే ఓటేసి భృతులన్నీ రద్దు చేసింది.

ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడ్డారు.

"బావా, మీ మాటే నెగ్గింది. ఇక ఏ కళాకారుడికీ భృతి లేదు."

హెడ్ గుమస్తా ముఖం పాలిపోయింది. "ఏ దుర్మార్గుడురా అలా మాట్లాడింది?"

"మీరే బావా."

ఇంటికొచ్చి చెప్పిన కథంతా విని భార్య ఒక్కటే అడిగింది. "ఇంతకీ వాడి సంచి వాడికిచ్చారా, లేదా?"

మర్నాడు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, కళను ఆదుకోని ప్రభుత్వం ఉన్నా లేనట్టేనంటూ కౌన్సిల్ మెట్ల మీద బైఠాయించాడు. బావమరిది తోడు వెళ్లలేదు. తన ప్రసంగంలోని పాయింట్లు ఆలోచించినకొద్దీ సబబుగానే తోచాయట. పన్నుల శాఖలో ఖాళీలేమైనా ఉన్నాయేమో కనుక్కుంటున్నాడు.