ప్రయోగశాలకు జ్ఞానతండ్రి

కాంచమర్క ఊరి బడిలోని రసాయన ప్రయోగశాలకు ఎట్టకేలకు జ్ఞానతండ్రి దొరికాడని ప్రజలందరికీ సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది.

గది కట్టి రెండేళ్లయింది. గాజు సీసాలు, కొలత గొట్టాలు, రెండు స్పిరిటు దీపాలు రాజధాని నుంచి గడ్డిలో పడుకుని వచ్చాయి. వచ్చినవి పడుకునే ఉన్నాయి. ఈ కొండల్లో ఏ వస్తువూ జ్ఞానతండ్రి లేకుండా లోకంలోకి రాదు. జ్ఞానస్నానం నాడు ఎత్తుకోవడానికి బిడ్డకు కావాలి, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకు కావాలి, చర్చి గంటకు కావాలి. బడి మరుగుదొడ్డికి కూడా ఒకాయన ఉన్నాడు. తలుపు మీద ఆయన పేరు నేటికీ చదువుకోవచ్చు. గుమ్మానికి రిబ్బనుతో వేలాడదీసిన సీసాను సుత్తితో పగలగొట్టడానికి గౌరవనీయమైన చెయ్యి ఒకటి కావాలి. అది దొరికేదాకా శాస్త్రం తాళం వెనకాల ఓపిక పట్టింది.

ఈలోగా ఒనోరియో వాల్పా మాస్టారు రసాయన శాస్త్రాన్ని వంటింట్లోంచి మోసుకొచ్చాడు. ఊదారంగు మొక్కజొన్న కండెలు ఉడికించిన నీళ్లు కూజాతో తెచ్చేవాడు. భార్య బతికున్న రోజుల్లో ఆ నీళ్లలో పంచదార, దాల్చినచెక్క పడేవి. ఇప్పుడేమీ పడవు కనుక ప్రయోగానికి పనికొస్తున్నాయి. నిమ్మరసం పిండితే ఎరుపు. బూడిద నీళ్లు పోస్తే ఆకుపచ్చ. పన్నెండేళ్ల పిల్లలు తమ చేతులతోనే కలిపి ఏది ఆమ్లమో ఏది క్షారమో నేర్చేసుకున్నారు. పుస్తకం నలగకుండా నేర్చుకున్నందుకు ప్రధానోపాధ్యాయురాలు గ్రిసెల్దా ఒనోరియోను సంజాయిషీ అడిగింది.

ఒనోరియో కోరిక ఒక్కటే. బడిలో పొద్దున్నే పోసే పాలు ఆగాలి. చిన్న తరగతుల పిల్లలు అవి తాగి వారానికి రెండు రోజులు కడుపు పట్టుకుని ఇంటికి పోతున్నారు. అతను మూడు అర్జీలు పెట్టాడు. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది: శాస్త్రీయ ఆధారం లేనిదే పరిశీలించజాలము. ఆధారం ప్రయోగశాలలో పుడుతుంది. ప్రయోగశాలకు జ్ఞానతండ్రి లేడు.

చివరికి తల్లిదండ్రుల సంఘం దోన్ సెనోబియోను ఎన్నుకుంది. అంతకన్నా యోగ్యుడు లేడు. ఊళ్లో సగం తలల మీద మొదటి కత్తెర ఆయనదే. బిడ్డ పుట్టువెంట్రుకలు తీసే రోజున మొదటి పాయ కత్తిరించినవాడు ఆ ఇంటి తండ్రికి కొంపాద్రె అవుతాడు. కొంపాద్రె అంటే తోడబుట్టినవాడికన్నా ఒక మెట్టు పైన. బడికి పాలు పోసేది కూడా దోన్ సెనోబియోయే. ఒనోరియో మారుమాట లేకుండా చెయ్యెత్తి ఓటేశాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. సీసా మూడో దెబ్బకు పగిలింది. దోన్ సెనోబియో గుండె మీద చెయ్యి వేసుకుని ప్రసంగించాడు.

"పాలు తెలుపు. శాస్త్రం తెలుపు. నా మనసు తెలుపు. ఈ మూడింటినీ పిల్లలకు ధారపోస్తున్నాను."

చాలామంది కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నెలీదా అనే పిల్ల ప్రయోగం మొదలుపెట్టింది. ఆమె చెల్లెలు ఫ్లోర్ ఒకటో తరగతి. మూడు రోజులుగా కడుపునొప్పితో మంచంలో ఉంది. ఊదా నీళ్లలో నిమ్మరసం పడగానే ఎర్రబడ్డాయి. జెండా రంగని చప్పట్లు కొట్టారు. నెలీదా ఇంటి నుంచి తెచ్చిన ఆవుపాలలో ఊదా నీళ్లు కలిపింది. లేత వంగపండు రంగు వచ్చింది. ఇంటి పాలు తెమ్మని ఒనోరియో ముందే చెప్పి ఉంచాడు. రెండో గ్లాసులో బడి పాలు పోయించే సంగతి అతను ఎత్తవలసిన పని పడలేదు.

"జ్ఞానతండ్రిగారి పాలకి కూడా ఓ రంగు తెప్పించమ్మా, ఫోటో బాగుంటుంది" అంది గ్రిసెల్దా.

ఆ పాలు ఆకుపచ్చగా మారాయి.

"పచ్చగా ఉంటే మంచిదేలే. గడ్డి బలం" అంది వెనక వరసలో ఒక ముసలామె. అందరూ నవ్వారు.

"పాలు పులిసిపోతే తెలీకుండా సోడా కలుపుతారంట. మాస్టారు చెప్పారు. దీంట్లో కొంచెం ఎక్కువ పడింది" అంది నెలీదా.

దోన్ సెనోబియో ముద్దుగా ఆమె గడ్డం పట్టుకున్నాడు. "ఏమే పిల్లా, నా ఆవు సోడా తాగిందంటావా?"

"ఆవు తాగలేదు తాతా. మా చెల్లి తాగింది."

నవ్వు ఆగింది. సంఘం అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమైంది. అందరూ నెలీదా తండ్రి అబుందియో వైపు చూశారు. ఒనోరియో కూడా చూశాడు. మంచంలో ఉన్నది అతని కూతురు. అతనొక్కడు నోరు విప్పితే పాలు ఆగిపోతాయి. అబుందియో లేచి టోపీ తీశాడు.

"నా ఫ్లోర్ మొదటి పాయ కత్తిరించిన చెయ్యి అది. ఆ చేతి పాలు కల్తీ అయితే, ఆ జుట్టు తీసినట్టా, తియ్యనట్టా?"

 సగం మంది తమ తలలు తడుముకున్నారు.

"మనం మాట్లాడుతున్నది జుట్టు గురించి కాదు అబుందియో, పాల గురించి" అన్నాడు ఒనోరియో.

"మీకు పిల్లల్లేరు మాస్టారూ. కొంపాద్రెలూ లేరు. నిజం చెప్పడం మీకేం, తేలిక."

తీర్మానాల పుస్తకంలో ఇలా రాసి అందరూ సంతకాలు పెట్టారు: పాలలో దోషం లేదు. దోషం మొక్కజొన్నది. అది కింది లోయ నుంచి వచ్చింది, లోయవాళ్లకు మన ఊరంటే మొదటినుంచీ అసూయ. కావున ఇకపై సదరు మొక్కజొన్న బడి ఆవరణలోకి రాకూడదు. విద్యార్థిని నెలీదా ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఆమెకు ఒక గ్లాసు పాలు బహూకరించడమైనది.

ప్రయోగశాలకు మళ్లీ తాళం పడింది. ఒనోరియో నాలుగో అర్జీకి ఆధారం జతచేశాడు. తీర్మానం ప్రకారం ఆ ఆధారం లోయకు చెందినదని అర్జీ తిరిగొచ్చింది.

ఆ ఆదివారం సంతలో లోయవాళ్ల ఊదా మొక్కజొన్న పొద్దెక్కకముందే అయిపోయింది. సంతకం పెట్టిన ప్రతి ఇంట్లోనూ కండెలు ఉడికాయి. బడి నుంచి సీసాలో పట్టించుకొచ్చిన పాలను తల్లులు వంటింట్లో పరీక్షించారు. ఒక్క మాటా పైకి పొక్కలేదు. సోమవారం నుంచి ఊరి పిల్లలు తమ గ్లాసులను మర్యాదగా పక్కకు జరిపారు. పక్కన కూర్చునేది ఎగువ నుంచి రెండు గంటలు నడిచొచ్చే గొర్రెల కాపరుల పిల్లలు. వాళ్లు రెండేసి గ్లాసులు తాగారు. వాళ్ల జుట్టు మీద దోన్ సెనోబియో కత్తెర ఎన్నడూ పడలేదు.

ఒనోరియో ఎగువకు కబురు చేశాడు. ఆ తండ్రులు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"తెలుసు మాస్టారూ. పైకి అనకండి. ఆ పాలు కూడా ఆపేస్తే పిల్లల్ని ఏం చూసి పంపాలి ఇంత దూరం?"

ఫ్లోర్ కోలుకుని బడికి వచ్చింది. పాలు ఒక్క చుక్క మిగలడం లేదని గ్రిసెల్దా వార్షిక నివేదికలో రాసింది.

సంవత్సరాంతంలో నెలీదా ప్రయోగాల పుస్తకం ఒనోరియో ముందుకు వచ్చింది. ఉద్దేశం, కావలసిన వస్తువులు, చేసే పద్ధతి, అన్నీ వరసగా ఉన్నాయి. పరిశీలన: ఇంటి పాలు వంగపండు రంగు, బడి పాలు ఆకుపచ్చ. ముగింపు: బడి పాలు మనం తాగకూడదు, ఎవరికీ చెప్పకూడదు.

తప్పు ఎక్కడుందోనని ఒనోరియో రెండుసార్లు చదివాడు. మనసులోనే ఊరిని అడిగాడు, సంఘాన్ని అడిగాడు, తీర్మానాల పుస్తకాన్ని కూడా తిరగేశాడు. దొరకలేదు. ఇరవైకి ఇరవై వేశాడు.

దస్తూరి కూడా బాగుంది.