ఏడు తీరాల నోరు

ఏడు దేశాలూ ఒప్పుకుంటే తప్ప వామనమూర్తి నోరు తెరుచుకోదు. అవి సముద్రం ఒడ్డున పక్కపక్కనే ఉన్న చిన్న దేశాలు. తలా ఒక రాయబారిని పోషించుకోలేక అందరికీ కలిపి ఆయన్ని పెట్టుకున్నాయి. అన్నానికీ ఆవలింతకీ మినహాయింపు ఉంది. దగ్గు సంగతి ఇంకా చర్చల్లో ఉంది. రాసి చూపించినా, తల ఊపినా మాట్లాడినట్టేనని మొదట్లోనే తేల్చేశారు.

ఈ ఏడు దేశాల కూటమికి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా ఒక మాట ముందుకు తెచ్చి గడువు పెడతారు. ఆలోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. చేపల వేట హద్దులు, యుద్ధాలు, విందులో పాయసం అన్నీ అలాగే తేలాయి. పాపం, ఎవరికీ నోరు నొప్పి పుట్టలేదు.

రాయబారి భార్య హేమావతి ఆ ఇంట్లో ఉండి ఉండి ఆ పద్ధతి నేర్చుకుంది. ఒక ఉదయం పొగమంచు కిటికీలోంచి వచ్చి, రోజూలాగే ఖాళీ కుర్చీల్లో కూర్చుంది. హేమావతి ఆయన ముందు కాఫీ పెట్టింది.

"ఏవండీ, నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఇంక రాను. సాయంత్రం పడవ వేళకి మీరు వద్దనకపోతే సరేనన్నట్టే."

ఆమె అంటే వామనమూర్తికి ప్రాణం. "వద్దు, వెళ్ళకు" అన్న మాట గొంతులోకి రాగానే ముందు గదిలో కార్యదర్శి పేరిందేవి ఫోను మోగింది. ఆయన గొంతులోకి ఏ మాట వచ్చినా ఆ ఫోను మోగుతుంది. పేరిందేవి అందులో విన్న మాటని ఏడు రాజధానులకీ వినిపించింది.

"'వద్దు' మరీ మొరటుగా ఉందంటున్నారండి," అని మధ్యాహ్నం వచ్చి చెప్పింది. "'వెళ్ళకు' అంటే పడవల వాళ్ళు నొచ్చుకుంటారట. కాస్త ఓపిక పట్టండి సార్."

సాయంత్రం హేమావతి గుమ్మంలో ఆగింది. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆపుదామని ఆయన చెయ్యి చాచాడు. పెట్టె అడుగుతున్నాడనుకుని ఆమె అందించింది.

"ఈమాత్రం సాయానికైనా ముందుకొచ్చారు, సంతోషం," అంది.

దాన్ని కింద పెట్టేస్తే నిరసన కిందికి వస్తుంది. అందుకని ఆయన రేవుదాకా మోసుకెళ్ళి పడవలో పెట్టాడు.

పడవ చప్పుడు లేకుండా మంచులో కలిసిపోయాక పేరిందేవి పరిగెత్తుకొచ్చింది.

"అందరూ ఒప్పుకున్నారండీ!"

వామనమూర్తి నోరు తెరుచుకుంది. "ప్రయాణాల విషయంలో మా శ్రద్ధను తెలియజేస్తున్నాం," అన్నాడు సముద్రం వైపు చూస్తూ. రేవులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆయన ఇంటిదారి పట్టాడు. వీధి పొడుగునా ఇళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు వడ్డించి ఎదురుగా నిలబడి ఏదో అడుగుతున్నారు. మగవాళ్ళు ముద్ద కోసమే నోరు తెరుస్తున్నారు. వాళ్ళెవరికీ ఏ కూటమీ లేదు.